రాజీలో రాసిందెంత, మాటిచ్చిందెంత?

ప్రశ్న: డల్లాస్ దగ్గర మాకో చిన్న గ్యాస్ స్టేషన్ ఉంది. ఆయనకు 61, నాకు 60. ఉద్యోగం ద్వారా వచ్చే బీమా లేదు కాబట్టి ఒబామాకేర్ ప్లానే దిక్కు. ఇద్దరికీ కలిపి ఆదాయం 85 వేల డాలర్లు. నిరుడు నెలకు ఆరువందల చిల్లర కట్టాం. ఈ జనవరి నుంచి అదే ప్లానుకు 2,400 పైన అడుగుతున్నారు. 43 రోజులు ప్రభుత్వాన్ని మూసి (షట్‌డౌన్) పోట్లాడింది మా సబ్సిడీ కోసమేనన్నారు. చివరికి డెమొక్రాట్ల వైపున్న ఎనిమిదిమంది సెనేటర్లు రిపబ్లికన్లతో చేరి తలుపులు తెరిపించారు, సబ్సిడీ మాత్రం పోయింది. వాళ్ళు అమ్ముడుపోయారా? మీరు ఎప్పుడూ రాజీ మంచిదని రాస్తుంటారు. రాజీ అంటే ఇదేనా?
— ఒక పాఠకురాలు, టెక్సాస్

సమాధానం: అమ్మా, రాజకీయం కాసేపు పక్కన పెడదాం. ముందు మీ 85 వేల దగ్గర ఆగుతాను, ఎందుకంటే అక్కడ మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. ఇద్దరున్న కుటుంబానికి 2025 పేదరిక రేఖ 21,150 డాలర్లు. 2026 బీమాకు ఆ అంకెనే లెక్కలోకి తీసుకుంటారు. దానికి నాలుగు రెట్లు 84,600. ఈ ఏడాది నుంచి ఆ గీత దాటినవారికి ఒక్క డాలరు సబ్సిడీ కూడా లేదు. మీరు దాటింది 400 డాలర్లు! గీతకు ఇవతల ఉంటే, సబ్సిడీ లెక్కకు కొలమానంగా తీసుకునే బెంచ్‌మార్క్ సిల్వర్ ప్లానుకు మీరు కట్టేది ఆదాయంలో 9.96 శాతానికి మించదు. అంటే ఏడాదికి సుమారు 8,400. అవతల ఉన్నందుకు మీకు పడుతున్నది 29 వేల దాకా.

రిటైర్మెంటు కోసం దాచుకునే సాంప్రదాయిక ఐఆర్‌ఏ ఖాతాలో కొంత సొమ్ము వేస్తే ఈ లెక్కకు వచ్చే ఆదాయం తగ్గుతుంది. పన్ను కట్టేసిన సొమ్ము వేసే రాత్ ఐఆర్‌ఏలో వేస్తే తగ్గదు. 2026 సంవత్సరానికి 2027 ఏప్రిల్ 15 వరకు వేసుకునే వీలుంది. ప్రీమియం తక్కువుండే బ్రాంజ్ ప్లానులో ఉంటే, వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే హెచ్‌ఎస్‌ఏ ఖాతా కూడా తెరవవచ్చు. ఒబామాకేర్ ప్లానులు అమ్మే ప్రభుత్వ వేదిక మార్కెట్‌ప్లేస్‌లోని బ్రాంజ్ ప్లానులన్నిటికీ ఈ ఏడాది నుంచి ఆ అవకాశం వచ్చింది. అయితే సబ్సిడీని నెలనెలా ముందే తీసుకుని, ఏడాది చివర ఆదాయం గీత దాటితే తీసుకున్నదంతా తిరిగి కట్టాలి. గ్యాస్ స్టేషన్ రాబడి డిసెంబరు దాకా తేలదు కాబట్టి మీ పన్నుల లెక్కలు చూసేవారితో ఈ నెలలోనే కూర్చోండి. ప్లాను మాత్రం మార్కెట్‌ప్లేస్‌లోనే ఉంచుకోండి. బయట కొన్న ప్లానుకు ఇవేవీ వర్తించవు. ఏం చేసినా బీమా మాత్రం వదలకండి. ఆసుపత్రి బిల్లింగు విభాగంలో నేను పనిచేసిన కాలంలో, బీమా లేనివారి పేరు పక్కన ‘సెల్ఫ్ పే’ (సొంతంగా కట్టుకునేవారు) అని పడేది. 1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని చూడకుండా పంపకూడదు. చూసేవాళ్ళు, ప్రాణం నిలబెట్టేవాళ్ళు. తర్వాత బిల్లు ఇంటికి వెళ్ళేది. ఆ కవరు విప్పలేక నెలల తరబడి అలాగే పెట్టుకున్నవాళ్ళతో ఫోనులో మాట్లాడటం నా పని.

ఇక ఆ ఎనిమిదిమంది సంగతి. వాళ్ళు అమ్ముడుపోయారని నేను అనను. కానీ మీ విషయంలో వాళ్ళు కుదుర్చుకున్నది సరిపడే రాజీ కాదని మాత్రం గట్టిగా అంటాను.

ఏ రాజీనైనా నేను రెండు భాగాలుగా విడదీసి చదువుతాను. చట్టంలో అక్షరాలుగా రాసింది ఒకటి, నోటిమాటగా ఇచ్చింది ఒకటి. 2025 నవంబరు 12న సంతకమైన చట్టంలో రాసినవి ఇవి: జనవరి 30 వరకు ప్రభుత్వానికి డబ్బు, పేదలకిచ్చే ఆహార సాయం ఫుడ్ స్టాంపులకు 2026 సెప్టెంబరు వరకు పూర్తి నిధులు, షట్‌డౌన్‌లో ఇచ్చిన ఉద్యోగాల తొలగింపు నోటీసుల రద్దు, ఆగిన జీతాల చెల్లింపు. బీమా సబ్సిడీ గురించి అందులో ఒక్క వాక్యం లేదు. డిసెంబరులో ఓటింగు పెడతానని సెనేట్ మెజారిటీ నాయకుడు జాన్ థూన్ మాటిచ్చారు. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నారు కూడా. డిసెంబరు 11న ఓటింగు జరిగింది. మూడేళ్ళ పొడిగింపుకు 51 మంది అనుకూలం, 48 మంది వ్యతిరేకం. కావలసింది 60. రిపబ్లికన్ల ప్రత్యామ్నాయం కూడా సరిగ్గా అదే అంకె దగ్గర ఆగిపోయింది. డిసెంబరు 31తో సబ్సిడీ గడువు తీరింది. ఓటింగు పెడతానన్నవారు ఫలితానికి హామీ ఇవ్వలేదు.

ఇది ముందుగా ఊహించలేనిది కాదు. 2018 జనవరిలో మూడు రోజుల షట్‌డౌన్ జరిగింది. దాన్ని ముగించిన చట్టంలో పిల్లల బీమా పథకం చిప్‌కు ఆరేళ్ళ పొడిగింపు రాశారు. చిన్నప్పుడే అమెరికా వచ్చి కాగితాలు లేక మిగిలిపోయిన యువత విషయంలో సెనేట్‌లో చర్చకు అవకాశమిస్తామని మాటిచ్చారు. ఫిబ్రవరిలో ఆ చర్చా జరిగింది, నాలుగు ప్రతిపాదనలూ వీగిపోయాయి. పిల్లల బీమా నిలిచింది, ఆ యువత గతి మాత్రం మారలేదు. ఏడేళ్ళు గడిచాక మళ్ళీ అదే తరహా మాట తీసుకున్నారు!

అవతలి పక్షం వాదనను కొట్టిపారేయకూడదు. ఈ అదనపు సబ్సిడీ కోవిడ్ కాలంలో, 2021లో పెట్టింది. 2022లో దానిని 2025 చివరి వరకు పొడిగించిందీ డెమొక్రాట్లే. గడువు పెట్టింది వాళ్ళే కదా అని రిపబ్లికన్లు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. శాశ్వతం చేస్తే పదేళ్ళలో సుమారు 350 బిలియన్ డాలర్లు ఖర్చవుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టింది. ప్రీమియం సున్నా అయినచోట, మనిషికి తెలియకుండానే ఏజెంట్లు పేరు చేర్చిన ఉదంతాలూ నిజమే. కానీ అదే కార్యాలయం లెక్కలో, పొడిగించకపోతే 2034 నాటికి దాదాపు 40 లక్షలమంది అదనంగా బీమా లేకుండా మిగులుతారు. రెండు లెక్కలూ బల్ల మీద పెట్టుకుని మాట్లాడుకుంటే మధ్యేమార్గం దొరక్కపోదు.

దొరికింది కూడా. అదే నాకు ఎక్కువ బాధ. ఒక్క ఏడాది పొడిగిద్దామని రిపబ్లికన్ జెన్ కిగ్గన్స్, డెమొక్రాట్ టామ్ స్వాజీ కలిసి సెప్టెంబరులోనే ప్రతినిధుల సభలో బిల్లు పెట్టారు. నవంబరు 7న సెనేట్‌లో డెమొక్రాట్ల నాయకుడు చక్ షూమర్ కూడా ఒక్క ఏడాదికి దిగివచ్చారు, థూన్ కుదరదన్నారు. డిసెంబరులో రిపబ్లికన్ సెనేటర్లు సూసన్ కాలిన్స్, బెర్నీ మొరేనో రెండేళ్ళ పొడిగింపు ప్రతిపాదించారు. రెండు లక్షల డాలర్ల ఆదాయానికి పైన సబ్సిడీ వద్దు, ప్రతివారూ నెలకు కనీసం 25 డాలర్లు కట్టాలి అన్నది వాళ్ళ షరతు. ఆ 25 డాలర్లతో దొంగ చేర్పులకు అడ్డుకట్ట పడుతుంది, ఆదాయ పరిమితితో ఖర్చు తగ్గుతుంది, మీలాంటివారు గీత అంచు నుంచి పడిపోరు. నా దృష్టిలో రాజీ అంటే అది. తమకు ముఖ్యమైనదేదో ఇరుపక్షాలూ కొంత వదులుకోవాలి, వదులుకునేది కాగితం మీద కనబడుతోంది. జనవరి 8న ప్రతినిధుల సభలో 17 మంది రిపబ్లికన్లు డెమొక్రాట్లతో కలిసి మూడేళ్ళ పొడిగింపును గట్టెక్కించారు. అప్పటికే పెరిగిన ప్రీమియం బిల్లు మీ చేతికి వచ్చేసింది.

ఆ ఆలస్యాన్ని ఎవరూ తగినంతగా పట్టించుకోలేదు. ప్రభుత్వ బడ్జెట్ ఏడాది అక్టోబరు 1న మొదలవుతుంది. బీమా కంపెనీలు మరుసటి ఏడాది ధరలను వేసవిలోనే దాఖలు చేస్తాయి, నవంబరు 1న జనం ప్లానులు ఎంచుకోవడం మొదలుపెడతారు. సబ్సిడీ పోతుందనుకుంటే ఆరోగ్యంగా ఉన్నవారు బీమా మానేస్తారు, మిగిలిన జబ్బు మనుషుల ఖర్చు ఎక్కువ పడుతుంది అని లెక్కవేసుకుని కంపెనీలు ముందే ధర పెంచాయి. అందుకే అక్టోబరులో గొడవ మొదలయ్యేసరికే సగం నష్టం జరిగిపోయింది. పట్టుబట్టవలసిన సమయం 2025 జూలై 4. ఆ రోజు సంతకమైన పెద్ద చట్టంలో పన్ను తగ్గింపులు శాశ్వతమయ్యాయి, ఈ సబ్సిడీకి చోటు దొరకలేదు. ఆ చట్టం సాధారణ మెజారిటీతో వెళ్ళే దారిలో వెళ్ళింది కాబట్టి డెమొక్రాట్ల చేతిలో ఏమీ లేదు. 60 ఓట్లు అవసరమైన తాత్కాలిక ఖర్చుల బిల్లు ఒక్కటే వాళ్ళకు దొరికిన పట్టు. దాన్ని పట్టుకున్నందుకు నేను తప్పుపట్టను. పద్నాలుగుసార్లు బిల్లును ఆపి, పదిహేనోసారి వదిలినప్పుడు ఆ ఒక్క ఏడాదైనా అక్షరాల్లో రాయించుకోకపోవడాన్నే తప్పుపడతాను.

ప్రశ్న: మావారు ఫెడరల్ ఉద్యోగి. జీతం లేకుండా అన్ని రోజులూ డ్యూటీకి వెళ్ళారు. ఎవరి బీమా కోసమో మా ఇంటి అద్దె ఎందుకు ఆగాలి? ఆ ఎనిమిదిమందిని జనం తిడుతుంటే, మా పాలిట వాళ్ళే దేవుళ్ళనిపించింది.
— ఒక పాఠకురాలు, వర్జీనియా

సమాధానం: మీకు అలా అనిపించడం సహజం. మీ సెనేటర్ టిమ్ కెయిన్ ఆ ఎనిమిదిమందిలో ఒకరు. తొలగింపు నోటీసుల రద్దును చట్టంలో రాయించాలని పట్టుబట్టింది ఆయనే. ఆగిన జీతం తిరిగి ఇవ్వాలని 2019 చట్టం ఉండనే ఉంది. అయినా అది తప్పనిసరి కాదేమో అని అక్టోబరులో వైట్‌హౌస్ వైపు నుంచి మాట వచ్చింది. అందుకే దాన్ని మళ్ళీ రాయించవలసి వచ్చింది. మీ కుటుంబానికి దొరికింది అక్షరాల్లో దొరికింది, అది చిన్న విషయం కాదు.

ఈ లెక్కలో అసలు కనబడనివారు ఇంకొందరు ఉన్నారు. మీవారి ఆఫీసు ఊడ్చేవాళ్ళు, గేటు దగ్గర కాపలా ఉండేవాళ్ళు కాంట్రాక్టు మనుషులు. వాళ్ళకు పోయిన రోజుల జీతం ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పదు. ఫుడ్ స్టాంపుల మీద బతికే 4 కోట్ల 20 లక్షలమందిలో చాలామందికి నవంబరు మొదట్లో కార్డులో డబ్బు సమయానికి పడలేదు. పిల్లలకు అన్నం ఆపి పెద్దల బీమా గురించి బేరం పెట్టడం నాకు మింగుడుపడదు, ఆ బేరం పెట్టింది ఎవరైనా సరే.

బిల్లు కుదరకపోతే ప్రభుత్వాన్ని మూయాలన్నది రాజ్యాంగంలో ఉన్న నియమం కాదు. 1980కి ముందు ఖర్చుల బిల్లు ఆలస్యమైనా ఆఫీసులు చాలావరకు నడుస్తూనే ఉండేవి. అనుమతి లేని ఖర్చు చేయరాదన్న 1884 నాటి చట్టాన్ని అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఆ ఏడాది కచ్చితంగా వ్యాఖ్యానించాకే తలుపులు మూసే పద్ధతి వచ్చింది. బిల్లు కుదరకపోతే పాత ఏడాది నిధులే వాటంతటవే కొనసాగాలని ఒక చట్టం చేస్తే ఇది ఆగుతుంది. అలాంటి బిల్లులు ఇరుపార్టీల వారూ పెట్టారు. అలా చేస్తే ఎవరూ బడ్జెట్ పూర్తిచేయరని కొందరి భయం. ఇప్పుడు మాత్రం పూర్తిచేస్తున్నారా? మీ సెనేటర్లకు ఉత్తరం రాస్తే ఈ ఒక్క విషయం మీదే రాయండి.

ప్రశ్న: మా అమ్మానాన్నలు రెండేళ్ళ క్రితం గ్రీన్ కార్డు మీద వచ్చారు. ఇద్దరికీ 65 దాటింది. 65 దాటినవారికిచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్ రాదన్నారు. నిరుడు సబ్సిడీతో ప్లాను ఉంది, ఈ ఏడాది సబ్సిడీ లేదన్నారు. ఇదీ షట్‌డౌన్ వల్లనేనా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

సమాధానం: షట్‌డౌన్ వల్ల కాదు బాబూ, జూలై 4 చట్టం వల్ల. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళు కానివారికి పేదలకిచ్చే ప్రభుత్వ బీమా మెడికెయిడ్ సాధారణంగా రాదు. అలాంటివారి ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉన్నా మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ ఇచ్చేవారు. జనవరి 1 నుంచి దాన్ని తీసేశారు. షట్‌డౌన్‌లో డెమొక్రాట్లు వెనక్కి తెమ్మని అడిగినవాటిలో ఇదీ ఒకటి. అక్రమంగా ఉన్నవారికి ఉచిత వైద్యం అడుగుతున్నారని ప్రచారం జరిగింది. కాగితాలు లేనివారికి ఈ సబ్సిడీ ఎన్నడూ లేదు. పోగొట్టుకున్నది మీ అమ్మానాన్నల్లాంటి చట్టబద్ధ నివాసులే.

మీరు చూసుకోవలసినది ఏమిటంటే, వాళ్ళు విడిగా పన్ను దాఖలు చేస్తున్నారా, మీ మీద ఆధారపడినవారిగా మీ రిటర్నులో ఉన్నారా అన్నది. మీ రిటర్నులో ఉంటే మీ ఇంటి ఆదాయమే లెక్క. మీరు నలుగురు, వాళ్ళిద్దరు కలిపి ఆరుగురైతే గీత 1,72,600 డాలర్లు. ఆ లోపు ఉంటే వాళ్ళకు సబ్సిడీ వచ్చే అవకాశం ఉంది. విడిగా దాఖలు చేస్తే వాళ్ళ ఆదాయం 21,150 చేరాలి. ఇండియాలో వచ్చే అద్దె, పెన్షను, వడ్డీ ఇక్కడి రిటర్నులో ఎలాగూ చూపవలసినవే, వాటిని వదలకుండా లెక్కవేయండి. లేని ఆదాయం మాత్రం రాయకండి. మెడికేర్ కొనుక్కోవడానికి ఐదేళ్ళ నిరంతర నివాసం కావాలి. కాబట్టి వాళ్ళు ఇండియా వెళ్ళివచ్చిన తేదీలు, బోర్డింగ్ పాసులు జాగ్రత్తగా దాచి ఉంచండి.