గుండె కుదుటపడినా కాళ్లు ఎందుకు తేలిపోతున్నాయి?

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. హార్ట్ ఫెయిల్యూర్‌తో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆయాసం, కాళ్ల వాపు తగ్గాయి గానీ, అంతకుముందు తన పనులు తానే చేసుకున్న మనిషి ఇప్పుడు కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించి, రెండు మూడుసార్లు ప్రయత్నించాల్సి వస్తోంది. ఇది గుండె జబ్బు ముదిరినట్టా?

జవాబు: మీ ఆందోళన సహజమే. అయితే ఆయాసం, వాపు తగ్గాయి కాబట్టి, ఈ నీరసానికి గుండె ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు సైతం పది రోజులు మంచానికే పరిమితమైతే తొడ కండరాలు గణనీయంగా క్షీణిస్తాయి; దానికి జబ్బు వల్ల ఒంట్లో కలిగే ఇన్‌ఫ్లమేషన్ (ఇది కాళ్ల వాపు కాదు, జబ్బుకు శరీరం లోలోపల చూపే ప్రతిస్పందన), ఆకలి మందగించడం, నిద్రలేమి, కదలనివ్వని సెలైన్ గొట్టాలు తోడైతే నష్టం మరింత వేగంగా జరుగుతుంది.

2021లో వెలువడిన రిహాబ్-హెచ్ఎఫ్ అధ్యయనంలో, హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరిన, 60 ఏళ్లు పైబడిన 349 మంది రోగులలో కొందరికి ఆసుపత్రిలోనే బలం, నిలకడ, నడక, దమ్ము పెంచే శిక్షణ మొదలుపెట్టగా, మూడు నెలలకు వారి శారీరక సామర్థ్యం మిగతావారికన్నా మెరుగ్గా ఉంది. తిరిగి ఆసుపత్రిలో చేరడం మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

కాబట్టి ఫిజియోథెరపిస్టును వెంటనే సంప్రదించండి. కుర్చీలోంచి లేచి కూర్చోవడమే తొలి వ్యాయామం కావచ్చు, పక్కన ఒకరుండాలి. లేవగానే కళ్లు తిరిగితే, లేదా రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగితే, ఆలస్యం చేయకుండా వైద్యునికి చెప్పండి.