క్లాసు మధ్యలో నాన్నగారి కాళ్లు బిగుసుకుపోతుంటే

పొద్దున ఇంట్లో బాగానే నడిచే మీ నాన్నగారికి 11 గంటల పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు) వ్యాయామాల గ్రూప్ క్లాసులో కాళ్లు నేలకి అతుక్కుపోతున్నాయంటే, తప్పు వ్యాయామానిది కాకపోవచ్చు. ఏడింటికి వేసిన లెవోడోపా (ఈ జబ్బుకి ఇచ్చే ముఖ్యమైన మందు) మాత్ర ప్రభావం ఆ టైముకి దిగిపోతుండొచ్చు.

1. వారం రోజులు ఒక కాగితం మీద రాయండి: మాత్ర ఎప్పుడు, టిఫిన్ ఎప్పుడు, కాళ్లు బిగిసింది ఎప్పుడు. అందరూ వదిలేసేది ఇదే. "క్లాసులో బాగుండట్లేదు" అంటే న్యూరాలజిస్టుకి ఏం తెలుస్తుంది? "10:40కి మొదలైంది" అంటే మాత్రల టైము సర్దగలరు. డోసు మాత్రం మీరు మార్చొద్దు.

2. పెసరట్టు, గుడ్డు లాంటి ప్రొటీన్ ఎక్కువున్న టిఫిన్‌తో కలిపి వేస్తే కొందరికి ఈ మాత్ర సరిగా పనిచేయదు. టిఫిన్‌కి అరగంట ముందు వేయొచ్చా అని డాక్టర్‌ని అడగండి.

3. బిగుసుకున్నప్పుడు చెయ్యి పట్టి లాగకండి, పడిపోతారు. ఒక్క క్షణం ఆగనివ్వండి. బరువు ఒక కాలి మీంచి రెండో కాలి మీదకి మార్చమని, తర్వాత నేల మీద గీత దాటినట్టు పెద్ద అడుగు వేయమనండి. మా అత్తగారికి టైల్స్ మధ్య గీతే చాలు!

క్లాసు మాన్పించకండి. టీచర్‌తో చెప్పి, ఆ కాసేపు కుర్చీలో కూర్చోబెట్టి చేయించండి.