కోహిమా వెళ్తున్న మా అమ్మడికి

చి. అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

డిసెంబరులో నువ్వూ నీ స్నేహితులూ నాగాలాండ్ వెళ్తున్నారని, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళతో కోహిమా యుద్ధం జరిగిన చోట్లు కూడా ఒక రోజు గైడుని పెట్టుకుని చూస్తారని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. విన్న దగ్గర్నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఎవరూ చెప్పకుండానే మన ఇంటి పిల్ల ఆ కొండ ఎక్కాలనుకుందంటే గర్వంగా ఉండదా? టెన్షనూ అంతే ఉంది. నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను మీ అమ్మ నాకు పంపింది. ఉదయం తొమ్మిదికి దిమాపూర్‌లో బయల్దేరి కోహిమాలో ఆ యుద్ధంలో పోయిన సైనికుల సిమెట్రీ, కెథెడ్రల్, మ్యూజియం, కిసామా, ఖోనోమా అన్నీ చూసుకుని రాత్రికి మళ్ళీ దిమాపూర్ చేరతారట. అది వేసినవాళ్ళెవరో గానీ వాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు చిన్న విషయాలు. ఇన్నర్ లైన్ పర్మిట్ ఆన్‌లైన్‌లో తీసుకో, దిమాపూర్‌కి కూడా కావాలి. ఆదివారం పెట్టుకోకండి, అందరూ చర్చికి వెళ్తారు, చాలా షాపులు మూసేస్తారు. స్వెట్టరు, పట్టు ఉన్న బూట్లు, కాస్త నగదు దగ్గర ఉంచుకో. హార్న్‌బిల్ పండగ జరిగే రోజుల్లో కోహిమా నుంచి కిసామా దాకా బళ్ళు బారులు తీరి ఉంటాయి. పండగ ఒక రోజు, యుద్ధభూమి ఇంకో రోజు చూడండి. రెండూ కలిపితే రెండూ పోతాయి.

ఇక వేళ సంగతి. నువ్వు బెంగళూరు గడియారంతో ఆలోచిస్తున్నావు. అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది. తెల్లవారడం కూడా అంత పెందరాళే. తొమ్మిదికి బయల్దేరితే సగం రోజు రోడ్డు మీదే అయిపోతుంది. దిమాపూర్ నుంచి కోహిమా డెబ్బై కిలోమీటర్లే. కానీ అవి కొండ కిలోమీటర్లు. అసలు దిమాపూర్‌లో కాదు, ముందు రోజు రాత్రి కోహిమాలోనే ఉండండి. గది దొరకడం కష్టమంటారు, కొంచెం ఖర్చయినా సరే, ఆ డబ్బు నేను పంపుతాను.

రోడ్డు గురించి ఇంతగా ఎందుకు భయపడుతున్నానో మీ అమ్మకు తెలుసు, నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు. నేను దిమాపూర్ దగ్గర రంగాపహాడ్‌లో సైన్యంలో ఉద్యోగం చేసే రోజుల్లో ఆ దారిన చాలాసార్లు వెళ్ళాను. చుమౌకెదిమా దాటగానే కొండ మీదికి వంగినట్టు వస్తుంది. అక్కడ రాళ్ళు ఎప్పుడు జారతాయో ఎవరూ చెప్పలేరు. వానాకాలం కాదు కదా మామయ్యా అంటావు. నిజమే, కానీ ఆ కొండలను నమ్మి చీకట్లో ప్రయాణం చెయ్యకు. మా పెదనాన్న, అంటే నీకు పెద్ద తాతయ్య, ఆ రోడ్డు మీదే పోయాడు. తూటా తగిలి కాదు. 1944 జూన్‌లో, కుండపోత వానల్లో, కూలిన రోడ్డు సరిచేస్తుండగా కొండచరియ విరిగి మీద పడింది. మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలో రోడ్లు, వంతెనలు వేసే దళంలో, ఆయనతో పనిచేసిన మన మాధవరం మనిషి ఒకాయన తిరిగొచ్చి చెబితే ఇంట్లో తెలిసింది. ఆ నెల 22న ఇంఫాల్ వైపు నుంచి వచ్చిన సైన్యమూ కోహిమా వైపు నుంచి వెళ్ళిన సైన్యమూ 109వ మైలురాయి దగ్గర కలుసుకుని ఆ దారి తెరుచుకుంది. పెదనాన్న దానికి కొద్ది రోజుల ముందు పోయాడు. ఇప్పుడు మీ కారు వెళ్ళేది అటు వైపే.

అందుకే నువ్వు వెళ్ళేది మామూలు టూరు అని నేను అనుకోలేను. అందుకే ఈ సంగతి కూడా రాస్తున్నాను.

మా పెద్దన్నయ్య, పెదనాన్న కొడుకు, 1990ల్లో కోహిమా వెళ్ళాడు. తండ్రి పోయేనాటికి వాడింకా మాటలు రాని పిల్లాడు. ఆయన మొహం ఫొటోలో తప్ప ఎరగడు. పెద్దమ్మ అప్పటికి బతికే ఉంది. "ఒక్కసారి మీ నాన్న పేరు ఎక్కడైనా రాసి ఉందేమో చూసి రా నాయనా" అని ఎన్నో ఏళ్ళుగా అడుగుతుంటే, రిటైరైన డబ్బుల్లోంచి తీసి బయల్దేరాడు. అప్పుడు నేను రాజస్థాన్ బోర్డర్లో ఉన్నాను, నాకు ఉత్తరం అందేసరికి వాడు వెళ్ళి వచ్చేశాడు కూడా. గౌహతిలో ఎవరో టూరు వాళ్ళు బస్సులో తీసుకెళ్ళారు. ఒకే రోజులో ఆరు చోట్లు చూపిస్తామన్నారట. ఊరు, సంత, చర్చి, ఇంకేవో చూపించి సిమెట్రీకి తీసుకొచ్చేసరికి మూడున్నర దాటింది. ముప్పావు గంట టైమిచ్చి, "అంతా చూసి రండి" అని గైడు కింద టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు.

అక్కడ 1,420 సమాధులున్నాయి. కొండవాలు మీద మెట్లు మెట్లుగా, వరసలు వరసలుగా ఉంటాయి. అన్నయ్య మొదటి వరస నుంచి ఒక్కో రాయి దగ్గరా ఆగి వంగి చదవడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు వాళ్ళ పేర్లు, ముస్లిం పేర్లు, క్రైస్తవుల పేర్లు. మన పేరు లేదు. ఇంకో వరస. లేదు. వెలుగు తగ్గిపోతోంది. కళ్ళజోడు పెట్టుకున్నా అక్షరాలు ఆనడం లేదు. కింద నుంచి డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఒక చోట నిలబడి తోటమాలిని హిందీలో అడగబోయాడట, ఆ హిందీ వీడికి రాదు, వీడి మాట అతనికి అర్థం కాలేదు. దిగి వచ్చి బస్సెక్కేశాడు. ఇంటికి వచ్చి పెద్దమ్మతో "అన్నీ చూశానమ్మా, నాన్న పేరు లేదు" అన్నాడు. ఆవిడ ఏమీ మాట్లాడలేదట. తర్వాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

ఆవిడ పోయిన కొన్నేళ్ళకు, అన్నయ్య మనవడు కంప్యూటర్లో ఈ యుద్ధ సమాధులను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ వెబ్‌సైటు తెరిచి వెతికితే పెదనాన్న పేరు దొరికింది. నంబరు, దళం, తేదీ, ఫలానా వారి కుమారుడు, మాధవరం, వెస్ట్ గోదావరి అని ఉంది. ఎక్కడుందో తెలుసా? కోహిమా క్రిమేషన్ మెమోరియల్ మీద. అదే సిమెట్రీలో, అదే కొండ మీద, అన్నిటికంటే పైన. అన్నయ్య వెతికిన వరసలకు ఇంకొంచెం ఎగువన.

హిందువులను, సిక్కులను మన పద్ధతిలో దహనం చేశారు కదా అమ్మడూ, వాళ్ళకు సమాధి రాయి ఎలా ఉంటుంది? అలాంటివాళ్ళు 917 మంది పేర్లు పైన ఆ మెమోరియల్ మీద చెక్కారు. సమాధుల్లో మన పేరు వెతికితే దొరకదు. ఈ ఒక్క ముక్క ఆ గైడు చెప్పి ఉంటే చాలు. లేదా ఆరు చోట్లు చూపించే బదులు ఒక్క చోట నిలబడి ఉంటే చాలు. నాకు ఆ మనిషి పేరు కూడా తెలియదు. ఈ వయసులో కూడా అది తలుచుకుంటే కడుపు మండుతుంది. పెద్దమ్మ పెన్షను పుస్తకం నా దగ్గరే ఉంది.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది విను. గైడుతో బేరం కుదుర్చుకునే ముందే "క్రిమేషన్ మెమోరియల్ ఎక్కడుంది?" అని అడుగు. తడుముకోకుండా చెప్పగలిగితేనే అతన్ని పెట్టుకో. కోహిమా మనిషైతే మరీ మంచిది. సిమెట్రీకి పొద్దున్నే వెళ్ళండి, కనీసం రెండు గంటలు అక్కడే ఉండండి. ఖోనోమా ప్లానులోంచి తీసెయ్యి. అది మంచి ఊరే, అంతకు ముందు శతాబ్దంలో నాగాలు ఇంగ్లీషువాళ్ళతో గట్టిగా పోరాడిన ఊరు. దానికి ఇంకో రోజు కావాలి, పావుగంటలో ఫొటోలు తీసుకుని రావడానికి కాదు.

మీ స్నేహితురాలి ముత్తాత కూడా బర్మా యుద్ధంలో పోయాడని మీ అమ్మ అంది. ఆ అమ్మాయిని కూడా బయల్దేరక ముందే ఆ వెబ్‌సైటులో వెతకమను. మన పేర్లు వాళ్ళు ఇంగ్లీషులో రాసిన తీరు రకరకాలుగా ఉంటుంది. వెంకటస్వామి అన్నది ఐదారు స్పెల్లింగుల్లో కనిపిస్తుంది, ఇంటిపేరు ఉండకపోవచ్చు. సర్వీసు నంబరు దొరికితే దానితో వెతకడం తేలిక. శరీరం దొరకని వాళ్ళ పేర్లు చాలా వరకు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న మెమోరియల్ మీద ఉంటాయి, అక్కడ దాదాపు 27,000 పేర్లున్నాయి. అక్కడుంటే కోహిమాలో వెతికి ఏడవాల్సిన పని లేదు, ముందే తెలిస్తే మనసు కుదుటపడుతుంది.

కొండ మీదికి వెళ్ళాక టెన్నిస్ కోర్టు చూడకుండా రాకు. ఆ చోట డిప్యూటీ కమిషనర్ బంగళా ఉండేది, దాని టెన్నిస్ కోర్టుకి అటు జపాన్ వాళ్ళు, ఇటు మన వాళ్ళు. గీతలు ఇప్పటికీ తెల్లటి కాంక్రీటుతో గుర్తు పెట్టి ఉంచారు. ఆ వెడల్పు నీ కాళ్ళతో నడిచి చూడు. అంత దగ్గర్లో కూర్చుని చేతిబాంబులు విసురుకున్నారు. 1944 ఏప్రిల్ 4న మొదలైంది యుద్ధం. ఆ కొండ మీద పోరాడగలవాళ్ళు పదిహేను వందల మంది, చుట్టూ జపాన్ జనరల్ సాటో డివిజన్, పది రెట్లు. తాగే నీళ్ళు కొలిచి ఇచ్చారు. రెండు మైళ్ళ అవతల జోత్సోమా నుంచి మన మౌంటెన్ బ్యాటరీ, అంటే కొండ ఫిరంగుల దళం, గుళ్ళు గురి తప్పకుండా వచ్చి పడబట్టి వాళ్ళు నిలబడ్డారు. ఏప్రిల్ 18న మన 1/1 పంజాబ్ బెటాలియన్ వాళ్ళు చేరుకున్నాక ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత కూడా టెన్నిస్ కోర్టు చేతికి రావడానికి మే 13 దాకా పట్టింది, కొండ మీదికి ఒక ట్యాంకు ఎక్కించి దించాల్సి వచ్చింది. ఇవన్నీ గైడు చెప్తాడు. నేను ముందే చెప్తున్నది ఎందుకంటే, అక్కడికి వెళ్ళాక పూలమొక్కలు, పచ్చిక చూసి అందంగా ఉందని ఫోన్ తీస్తారు. ఫొటోలు వద్దనను. ముందు గీతలు నడిచి, ఆ తర్వాత తియ్యండి.

జపాన్ వాళ్ళను శత్రువులని తేలిగ్గా మాట్లాడకు. మూడు వారాల తిండితో ఆ కొండల్లోకి పంపారు వాళ్ళను. తిండి అందక, జబ్బులతో చచ్చిపోతున్న కుర్రాళ్ళను చూసి సాటో పైవాళ్ళ మాట కాదని వెనక్కి తిప్పాడు. ఆ సైన్యంతో పాటు ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ళూ వచ్చారు. అటూ ఇటూ మన దేశం బిడ్డలున్నారు. మా యూనిట్లో దీని మీద వాదనలు జరిగేవి. నేను మాత్రం రెండు వైపుల వాళ్ళకూ దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

ఇంకో మాట. నాగా వాళ్ళ గురించి అడుగు. వాళ్ళ ఇళ్ళు కాలిపోయాయి, పంటలు పోయాయి. అయినా గాయపడ్డ వాళ్ళను డోలీల్లో మోశారు, దారి చూపించారు, మందుగుండు మోశారు. నీ గైడుని వాళ్ళ అమ్మమ్మో తాతయ్యో ఏం చెప్పారని అడిగి చూడు. అడిగి ఊరుకో, మధ్యలో మాట్లాడకు. నీకు ఆ అలవాటు ఉంది, తెలుసుగా.

అత్తయ్య కొబ్బరికాయ, కర్పూరం పంపుతానంటోంది. అక్కడ వద్దని చెప్పాను. సిమెట్రీలో మంట పెట్టకూడదు, రాళ్ళ మీద పసుపు కుంకుమ పుయ్యకూడదు. ఏదైనా ఒక పువ్వు పెట్టు. పేరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దకు, రాయి పాడవుతుంది.

మెమోరియల్ మీద పేర్లు దళాల వారీగా ఉంటాయి. పెదనాన్న నంబరు, పేరు ఆ వెబ్‌సైటులో ఉన్న స్పెల్లింగుతోనే విడిగా కాగితం మీద రాసి ఈ ఉత్తరంతో పెడుతున్నాను, పర్సులో పెట్టుకో, ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోకు. దొరికాక పెద్దమామయ్యకు, అదే మా పెద్దన్నయ్యకు, వీడియో కాల్ చెయ్యి. ఆయనకు ఎనభై దాటాయి, ఆ మెట్లు ఎక్కలేడు, అందుకని నిన్నటి నుంచి నీ ప్రయాణం తేదీ అడుగుతూనే ఉన్నాడు. పేరు గట్టిగా చదువు, కుడి చెవి బొత్తిగా వినపడదు. సిగ్నల్ రాకపోతే వీడియో తీసి పంపు, కానీ ముందు కాల్ ప్రయత్నించు.

రెండింటికల్లా కొండ దిగెయ్యండి. గది దొరక్క దిమాపూర్ వెళ్ళక తప్పకపోతే డ్రైవరుని ముందే కట్టుదిట్టం చెయ్యి, చీకటి పడ్డాక ఆ దారిలో బండి నడపనని మాట తీసుకో. గది బుక్ అయ్యాక నాకు ఫోన్ చెయ్యి. ఆ రోజు చేరాక కూడా చెయ్యి, ఎంత రాత్రయినా సరే, నేను మేలుకునే ఉంటాను.

మీ మామయ్య,
తాడేపల్లిగూడెం