నెలసరి కప్పు కొలత, మొదటి రెండు రోజుల కడుపునొప్పి

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 22. మాది పరకాల దగ్గర పల్లె. హన్మకొండలో హాస్టల్లో ఉండి పీజీ చదువుతున్నాను. ల్యాబు ఉన్న రోజుల్లో ప్యాడు మార్చుకునే వీలు లేక తొడలు ఒరుసుకుపోతున్నాయి. స్నేహితురాలు మెన్‌స్ట్రువల్ కప్పు (యోనిలో పెట్టుకుంటే నెలసరి రక్తాన్ని పట్టే చిన్న గిన్నెలాంటిది) వాడమంటోంది. ఏ సైజు కొనాలి? పెళ్లికాని వాళ్లు వాడవచ్చా? మొదటి రెండు రోజులు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి కప్పుతో తగ్గుతుందా? మాత్రలు వేసుకుంటే తర్వాత పిల్లలు పుట్టరని అమ్మ భయపడుతోంది.

జవాబు: స్మాల్, మీడియం అన్న పేర్లను చూసి కప్పు కొనకండి. ఒక కంపెనీ స్మాల్ మరో కంపెనీ మీడియం అంత ఉంటుంది. పెట్టె మీద వయసు, కాన్పుల లెక్క రాసి ఉన్నా, మీకు సరిపడే పొడవును తేల్చేది గర్భాశయ ముఖద్వారం ఎంత లోపల ఉందన్నదే. నెలసరి రోజుల్లోనే, చేతులు శుభ్రంగా కడుక్కుని, గొంతుక్కూర్చుని చూపుడువేలు యోనిలోకి పోనిస్తే, ముక్కు కొనలా కాస్త గట్టిగా, గుండ్రంగా ఒక భాగం తగులుతుంది. సగం వేలు వెళ్లేలోపే అది తగిలితే పొట్టి కప్పు, వేలంతా వెళ్లినా అందీ అందకుండా ఉంటే పొడవైన కప్పు నప్పుతుంది. నెలలో ఒక్కోసారి అది పైకీ కిందికీ జరుగుతుంది కనుక మామూలు రోజుల్లో చూసిన కొలత పనికిరాదు. ఒక నెలసరి మొత్తంలో పోయే రక్తం చాలామందిలో 30 నుంచి 40 మిల్లీలీటర్లే, చాలా కప్పుల్లో 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది. అందుచేత చిన్న కప్పు చాలదేమోనన్న దిగులు వద్దు. కొత్తవారికి మరీ మెత్తనిది లోపల సరిగా విచ్చుకోదు, మరీ గట్టిది మూత్రాశయాన్ని నొక్కుతుంది. మధ్యరకం మెత్తదనం ఉన్న, మెడికల్ గ్రేడ్ సిలికాన్‌తో చేసిన కప్పు తీసుకోండి.

పెళ్లికానివారు నిస్సందేహంగా వాడవచ్చు. కన్నెపొర సాగవచ్చు, కొందరిలో కొద్దిగా చిరగవచ్చు కూడా. ఆ మాట దాచను. ఆటల్లోనూ అలా జరుగుతుంది, దానికీ శీలానికీ ఏ సంబంధమూ లేదు. మొదటిసారి పరీక్ష రోజున కాకుండా సెలవుల్లో ఇంటి దగ్గర ప్రయత్నించండి. మడిచిన కప్పును నిటారుగా పైకి కాక నడుము వెనకవైపుకు వాలుగా పోనివ్వాలి. తీసేటప్పుడు కాడ పట్టుకుని లాగకుండా, అడుగుభాగాన్ని నొక్కి గాలి పోనిచ్చిన తరువాతే తీయాలి. 12 గంటలకు మించి లోపల ఉంచవద్దు. హాస్టల్ బాత్‌రూముకు ఒక సీసాతో నీళ్లు తీసుకెళితే అక్కడే కడిగి పెట్టుకోవచ్చు. నెలసరికి ముందూ తరువాతా మాత్రం విడిగా ఉంచుకున్న గిన్నెలో 5 నిమిషాలు మరిగించాలి.

ఇక నొప్పి సంగతి. కప్పు దాన్ని తగ్గించదు. గర్భాశయపు పొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఆ కండరాన్ని గట్టిగా బిగిస్తాయి, బిగిసినప్పుడు దానికి రక్తం సరిగా అందక నొప్పి పుడుతుంది. కప్పు ఉండేది యోనిలో, ఆ పని జరిగేది గర్భాశయంలో. ఒకవేళ కప్పు పెట్టాక నొప్పి పెరిగితే సైజు గానీ, పెట్టిన తీరు గానీ సరికాదని అనుకోవాలి. ఐబుప్రొఫెన్, మెఫినమిక్ యాసిడ్ వంటి మాత్రలు ఆ రసాయనాలు తయారు కాకుండా ఆపుతాయి. అందుకే ఓర్చుకుని ఓర్చుకుని చివరికి వేసుకుంటే అంతగా పనిచేయవు. నొప్పి మొదలవుతుండగానే, అన్నం తిన్న తరువాత, డాక్టరు చెప్పిన మోతాదులో రెండు మూడు రోజులు వేసుకోవాలి. నెలకు ఆ రెండు మూడు రోజులు వాడినందువల్ల సంతానం కలగకుండా పోదని అమ్మగారికి నా మాటగా చెప్పండి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవారు మాత్రం అడగకుండా వాడకూడదు. మెఫినమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన ఎలర్జీ రావచ్చని 2023 నవంబరులో మందుల ప్రమాణాలు, భద్రత చూసే ప్రభుత్వ సంస్థ భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. వాడిన కొన్ని వారాలకైనా ఒంటిమీద దద్దుర్లు, జ్వరం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గుడ్డ చుట్టిన వేడినీళ్ల బ్యాగు పొత్తికడుపు మీద పెట్టుకోవడం చిన్న చిట్కాలా కనిపించినా చాలామందికి నిజంగా ఉపశమనం ఇస్తుంది.

మీరు రాయని విషయం ఒకటి అడగాలి. ఆ రెండు రోజులూ క్లాసుకు వెళ్లలేకపోతున్నారా? నొప్పి ఏడాదికేడాది పెరుగుతున్నా, నెలసరి లేనప్పుడు కూడా వస్తున్నా, మలవిసర్జన సమయంలో పొడుస్తున్నా ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపొరలాంటి పొర గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఉందేమో చూడాలి. ఆడపిల్లకు ఇది మామూలేనన్న మాట విని ఏళ్ల తరబడి భరించినవారిలో కొందరికి చివరికి తేలేది ఆ జబ్బే. వరంగల్ సీకేఎం ఆసుపత్రిలో గానీ, హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో గానీ గైనకాలజిస్టుకు చూపించుకోండి. స్కానింగులో ఏమీ కనిపించనంత మాత్రాన ఆ జబ్బు లేదని కాదు కనుక, నొప్పి ఏ రోజున మొదలై ఎన్ని గంటలు ఉందో, ఏ మాత్రతో ఎంత తగ్గిందో రెండు మూడు నెలలు రాసి పెట్టుకుని ఆ కాగితాన్ని వెంట తీసుకెళ్లండి.