నీటిరంగులు: ముందు కాగితం, తరువాతే రంగు

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత, చిన్ననాటి కోరిక కొద్దీ నీటిరంగులతో బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. 24 ట్యూబుల రంగుల పెట్టె, మామూలు డ్రాయింగ్ పుస్తకం కొన్నాను. నీరు తగలగానే కాగితం ముడతలు పడుతోంది, రెండోసారి కుంచె ఆనిస్తే నూగు లేస్తోంది, రంగులు కలిసి బురదలా తయారవుతున్నాయి. మా మేడ మీది నుంచి కనిపించే తిరుమల కొండను వేయాలని నా ఆశ. లోపం నా చేతిలో ఉందా, సరంజామాలో ఉందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో రెండు కాగితానివి, ఒక్కటే చేతిది. డ్రాయింగ్ పుస్తకంలోని పలుచని కాగితం పెన్సిలు పనికోసం తయారైనది. అది నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, ఆరేటప్పుడు అన్నిచోట్లా ఒకే తీరున కుదించుకోలేక ముడతలు పడుతుంది. నీటిరంగుల కాగితానికి తయారీలోనే జెలటిన్ వంటి జిగురు పట్టిస్తారు కాబట్టి రంగు వెంటనే ఇంకిపోకుండా కాసేపు పైనే నిలుస్తుంది. మనం రంగును పరచడానికీ, అంచు మెత్తబరచడానికీ, ఎక్కువైనదాన్ని కుంచెతో తీసివేయడానికీ దొరికే సమయమంతా ఆ కాసేపే. అందుచేత, మీ దగ్గర ఖర్చు పెట్టదగిన సొమ్ము పరిమితంగా ఉంటే అందులో పెద్ద భాగం కాగితానికే కేటాయించమని నా సలహా. మంచి కాగితం మీద విద్యార్థుల శ్రేణి రంగులు కూడా మర్యాదగానే ప్రవర్తిస్తాయి. నాసి కాగితం మీద ఎంత ఖరీదైన రంగైనా వృథాయే.

అట్ట మీద 300 జీఎస్ఎం, కోల్డ్ ప్రెస్ అని ఉన్న కాగితాన్ని అడగండి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. కోల్డ్ ప్రెస్ అంటే మరీ నునుపూ మరీ గరుకూ కాని రకం. నూటికి నూరు పాళ్లూ దూదితో చేసిన కాగితం అన్నిటికంటే మేలైనది గాని, ధర ఎక్కువ. దానికి ఉపాయం ఉంది. 22×30 అంగుళాల పూర్తి షీటు తీసుకొని ఎనిమిది ముక్కలుగా కోస్తే ఒక్కొక్కటి 7.5×11 అంగుళాలు వస్తుంది. అభ్యాసానికి ఆ కొలత చాలు, చెడిపోయిన ముక్క వెనుకవైపు కూడా వాడుకోవచ్చు. కుంచెలు రెండు చాలు: మొన బాగా తేలే గుండ్రటి సింథటిక్ కుంచెల్లో 8వ నంబరుదొకటి, 12వ నంబరుదొకటి.

ఇక బురద సంగతి. అది ఎక్కువ భాగం రెండు కారణాల వల్ల వస్తుంది: ఒకేచోట మూడు నాలుగు రంగులు కలపడం, కింది పూత ఆరకముందే దాన్ని మళ్లీ మళ్లీ రుద్దడం. మీ పెట్టెలోని 24 ట్యూబులలో లెమన్ యెల్లో, యెల్లో ఓకర్, క్రిమ్సన్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరిన్ బ్లూ అనే ఐదింటిని బయటపెట్టి, మిగిలినవాటిని కొన్నాళ్లు మూతపెట్టి ఉంచండి. నలుపు ట్యూబు అవసరమే లేదు. బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరిన్ చిక్కగా కలిపితే నలుపుకు దగ్గరైన ముదురు రంగు వస్తుంది, నీరు పెంచితే చక్కని బూడిద రంగు అవుతుంది. తెలుపు కూడా ట్యూబులోనిది కాదు, కాగితానిదే. వెలుతురు ఉండవలసిన చోటును ముందే నిర్ణయించుకొని ఖాళీగా వదిలేయాలి. లేతవి ముందు, ముదురువి తరువాత వేయడం అందుకే.

మొదటి రోజులు బొమ్మ జోలికి పోకుండా ఒకే రంగుతో సమానమైన పూత వేయడం సాధన చేయండి. కాగితాన్ని నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అట్టకు అంటించి, పై అంచు కింద ఒక పుస్తకం పెట్టి కొద్దిగా వాలుగా ఉంచండి. రంగునీటిని చాలినంత కలిపి పెట్టుకొని, పైన ఎడమ నుంచి కుడికి ఒక గీత లాగితే, దాని కింది అంచున రంగు చిన్న పూసలా కూడుకొని నిలుస్తుంది. రెండో గీత ఆ పూసను తాకుతూ పోవాలి. అప్పుడు పూస కిందికి జరుగుతుంది, గీతకూ గీతకూ మధ్య జాడ కనిపించదు. చివర మిగిలిన పూసను పిండిన కుంచెతో పీల్చేయండి. ఆ తరువాత చేయవలసిన పని, అందరికీ కష్టమైన పని, ముట్టుకోకుండా ఉండటం. తడి మెరుపు తగ్గుతున్న దశలో అందులో నీటి చుక్క పడితే, ఆ నీరు రంగును తోసుకుంటూ పోయి కాలీఫ్లవర్ అంచులాంటి మరక చేస్తుంది. పూత ఆరాక లేతబడుతుంది కూడా. కాబట్టి తడిగా ఉన్నప్పుడు కాస్త ముదురనిపించేలా వేయడమే సరి.

మన ఊరి ఎండ ఈ విద్యకు సగం శత్రువు, సగం మిత్రుడు. మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుంటే రెండో గీతకు ముందే మొదటిది ఆరిపోయి చారలు పడతాయి. వేసవిలో ఉదయం పూటే కూర్చోండి, పెద్ద పూత వేసేంతసేపు ఫ్యాను ఆపండి. అదే ఎండ, ఆరిన పూత మీద మరో పూత వేయవలసిన పనిలో ఎంతో కలిసివస్తుంది. కార్తీకపు వానల్లో మాత్రం పూత ఎంతకీ ఆరదు.

కొండను మూడు పూతలుగా ఆలోచించండి. మొదటిది ఆకాశం, కొండ వెలుతురు భాగాలతో సహా అన్నిటినీ కప్పే పలుచని పూత. అది పూర్తిగా ఆరాక రెండోది, శేషాచలం రాతి గోడల ఎరుపు; బర్న్ట్ సియెన్నాలో కొంచెం ఓకర్ చాలు. మూడోది, ఆ రాతి పట్టెల కింద పడే నీడలూ, దిగువ అడవీ. ఎరుపులోకి అల్ట్రామెరిన్ చేర్చి నీడను, ఓకర్‌లోకి అదే నీలాన్ని చేర్చి పచ్చదనాన్ని రాబట్టవచ్చు. చెట్టు చెట్టునూ వేయకండి. చంద్రగిరి రాజమహల్‌నూ గోవిందరాజస్వామి గోపురాన్నీ వేయాలని అందరికీ మొదట్లోనే అనిపిస్తుంది గాని, వాటిలో కష్టం రంగుది కాదు, రేఖది. వాటిని కొన్ని నెలలు వాయిదా వేయడమే మంచిది.

ప్రశ్న: మాది కలంకారీ పని చేసే కుటుంబం. ఆ అనుభవం నీటిరంగులకు పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: తప్పకుండా పనికొస్తుంది, ఒక్క అలవాటును మాత్రం సడలించుకోవాలి. మీరు బట్టను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి ఆరబెడతారు; ఆ పాలలోని కొవ్వు కలం నుంచి దిగే రంగు పాకకుండా ఆపుతుంది. కాగితానికి పట్టించే జిగురు చేసే పని కూడా దాదాపు అదే, అందువల్ల రంగు ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ పారుతుంది అనే ఎరుక మీకు పుట్టుకతోనే ఉన్నట్టు. అయితే కలంకారీలో నల్లని రేఖ ముందు వచ్చి రంగుకు హద్దు గీస్తుంది. నీటిరంగులలో అంచును తడిలో కరగనివ్వడమే చాలాచోట్ల అందం. పెన్సిలు గీత లేకుండా, తడి కాగితం మీద మబ్బులు వేస్తూ మొదలుపెడితే ఆ అలవాటు త్వరగా సడలుతుంది.

ప్రశ్న: పాలెట్‌లో మిగిలిన రంగుల మీద బూజు పడుతోంది. పారేయాలా?
– ఒక విద్యార్థిని, చిత్తూరు

జవాబు: ఈ రంగులను పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్టు నుంచి తీసే గమ్ అరబిక్ అనే బంక, తడిగా మూసిపెడితే దానికి బూజు పడుతుంది. పైపొరను తడి గుడ్డతో తుడిచేసి, కింది రంగు శుభ్రంగా ఉంటే వాడుకోండి. లోపలి దాకా పట్టి వాసన వేస్తుంటే పారేయండి. ఇకమీదట పాలెట్ పూర్తిగా ఆరాకే మూత వేయండి. ఎండిన రంగు చెడిపోయినట్టు కాదు, రెండు చుక్కల నీటితో మళ్లీ కరుగుతుంది.