భీమవరం నుంచి ఒక్క రోజులో రెండు కోటలా?

తెల్లవారుజామున భీమవరంలో బైకు మీద బయలుదేరి కొండపల్లి, కొండవీడు రెండూ చూసి రాత్రికి తిరిగి రావచ్చా అని అడిగారు కదండీ. రావచ్చేమో గానీ, ఏ కోటనూ కళ్లారా చూడలేరు. కొండవీడు గుంటూరు అవతల ఉంది. దానికి వేరే రోజు కేటాయించండి.

ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా విజయవాడ చేరి ఇబ్రహీంపట్నం వైపు వెళ్లండి. కైకలూరు దాకా చెరువుల ప్రాంతమే. చేపల లారీల నుంచి కారిన నీళ్లకు రోడ్డు జారుతుంది, మలుపుల్లో ముందు బ్రేకు గట్టిగా పట్టకండి.

కొండపల్లి కోట దాకా ఘాట్ రోడ్డు ఉంది. 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టిన ఈ కోట గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీల చేతులు మారింది. మూడంతస్తుల రాతి బురుజు దగ్గర తొందరపడకండి, గజశాల తప్పక చూడండి. దిగాక తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేసేవారి ఇళ్లకూ వెళ్లండి. చీకటి పడేలోగా గుడివాడ దాటేయండి.