వైబ్రేటర్‌ను సబ్బుతో కడిగితే సరిపోతుందా, మరిగించాలా?

పెళ్లయి నాలుగేళ్లయిందనీ, ఆన్‌లైన్‌లో కొన్న వైబ్రేటర్‌ను భార్యాభర్తలిద్దరూ వాడుతున్నామనీ, ఎవరినీ అడగలేక ఇక్కడ అడుగుతున్నామనీ రాశారు. కడగడం గురించి నాకు తెలిసినదంతా చెబుతాను. అంతకంటే ముందు ఒక మాట అడగాలి. కడిగిన తర్వాత దాన్ని ఎక్కడ పెడుతున్నారు? మీరు అది రాయలేదు. నా విషయంలో నష్టం జరిగింది అక్కడే.

మాది విశాఖపట్నం. మావారు సరుకు ఓడల మీద ఇంజనీరు. ఆరు నెలలు సముద్రం మీద ఉంటారు, మూడు నెలలు ఇంట్లో ఉంటారు. ఆయన లేనప్పుడు ఇంట్లో నేను, అత్తయ్య, మా అమ్మాయి ఉంటాం. ఒక సెలవులో ఆయనే ఫోనులో వెతికి ఆ వస్తువు తెప్పించారు. ఊదా రంగులో, నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా ఉండేది. డబ్బా మీద మెడ నొప్పికి వాడుకుంటున్న స్త్రీ బొమ్మ వేసి, మసాజర్ అని రాశారు. దేనితో తయారు చేశారో, ఎలా కడగాలో ఒక్క ముక్క లేదు.

వాడాక నేను నీళ్లలో ఘాటైన యాంటీసెప్టిక్ ద్రావణం కలిపి కడిగేదాన్ని. మంట పుట్టేంత ఘాటు ఉంటేనే క్రిములు చస్తాయని నమ్మేదాన్ని. హడావుడిగా తువ్వాలుతో తుడిచి, పాత దినపత్రికలో చుట్టి, పాలిథిన్ కవరులో వేసి, గట్టిగా ముడి బిగించి, బీరువాలో పట్టుచీరల అడుగున కలరా ఉండల పక్కన దాచేదాన్ని. అత్తయ్య చీరలు తీస్తే కనిపించకూడదు, అమ్మాయి చేతికి దొరకకూడదు. నా ఆలోచనంతా దాని మీదే ఉండేది, తడి ఆరిందా లేదా అన్నది నాకు పట్టేది కాదు.

ఆయన జూన్‌లో ఓడెక్కారు. విశాఖలో ఆ రోజుల్లో ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. ఉప్పు గాలికి ఇనుప బీరువా కాళ్లే తుప్పు పడతాయి. సెప్టెంబరులో ఒక రాత్రి ఆ కవరు ముడి విప్పాను. కాగితం లోపలి వైపు చెమ్మగా ఉంది, లాగితే పొరలు పొరలుగా చిరుగుతోంది. ఆ ఊదా రంగు వస్తువు చేతికి జిగురు పట్టింది. దీపం దగ్గర పెట్టి చూస్తే దాని మీద అక్షరాలున్నాయి. దినపత్రిక సిరా దానిలోకి దిగి, ఒక శీర్షిక తిరగబడి అచ్చయింది. అద్దంలో చూసినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను: అల్పపీడనం. సబ్బు పెట్టి రుద్దాను. పోలేదు. గోటితో గీకాను. పోలేదు. సిరాయే కదా అనుకుని వాడాను. ఆ నిర్ణయానికి ఈరోజుకీ బాధపడుతున్నాను.

నాలుగో రోజుకి దురద మొదలైంది. తర్వాత పెరుగు తరకల్లాంటి తెల్లబట్ట, మూత్రానికి వెళ్తే మంట. మొదట చూపించుకున్న డాక్టరు, "మీవారు ఊళ్లో ఉన్నారా?" అని అడిగారు. ఓడ మీద ఉన్నారని చెప్పగానే ఆవిడ ప్రశ్నలు ఆగిపోయాయి. భర్త ఊళ్లో లేడంటే ఆ స్త్రీకి ఇక ఆ జీవితమే లేదన్నట్టు! షుగరు పరీక్ష రాసి, మాత్రలు ఇచ్చి పంపారు. తగ్గింది, మళ్లీ వచ్చింది. నాలుగు నెలల్లో మూడుసార్లు అదే వరస. రోగిని సగమే అడిగితే జబ్బు సగమే తెలుస్తుంది. మన ఊళ్లలో ఆడవాళ్ల డాక్టర్లు లోపల ఏదైనా వస్తువు వాడతావా అన్న ఒక్క ప్రశ్న మామూలుగా అడగడం అలవాటు చేసుకుంటే ఎన్ని కోర్సుల మందులు మిగులుతాయో!

మూడోసారి ఇంకో ఆసుపత్రిలో ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. బీపీ పట్టీ విప్పుతూ, అదే గొంతుతో, "లోపల పెట్టుకునే వస్తువు ఏదైనా వాడతావా అమ్మా? నెలసరి కప్పు గానీ, ఇంకేదైనా గానీ?" అని అడిగారు. వాడతానని చెప్పాను. ఆవిడ తల ఎత్తలేదు, కళ్లు పెద్దవి చేయలేదు. "మెత్తగా ఉంటుందా? పట్టుకుంటే జిగురుగా ఉంటుందా? వాసన వస్తుందా?" అని వరసగా అడిగారు. మూడింటికీ అవునన్నాను. "ఈరోజే పారేయి. నువ్వు మందు వేసుకుని తగ్గించుకుంటున్నావు, అది నీకు మళ్లీ అంటిస్తోంది" అన్నారు.

తర్వాత ఆవిడ చెప్పిన పోలిక నేను మరచిపోలేను. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పెడితే పదిసార్లు తోమినా ఎరుపు పోదు, ఆవఘాటు పోదు. జాడీలో పెడితే ఒక్క కడుగుతో తెల్లగా అవుతుంది. తేడా సబ్బులో లేదు, పాత్రలో ఉంది. జెల్లీ రబ్బరు, మెత్తటి పీవీసీ, టీపీఈ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) అనేవి ఆ ప్లాస్టిక్ డబ్బా లాంటివి. పైకి నున్నగా కనిపించినా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, వాటిలో తేమ, క్రిములు నిలుస్తాయి. పీవీసీని మెత్తబరచడానికి కలిపే థాలేట్లు మెల్లగా బయటికి కారుతాయి, ఆ జిగురు చాలావరకు వాటివల్లే. సిలికోన్, స్టెయిన్‌లెస్ స్టీలు, గట్టి బోరోసిలికేట్ గాజు జాడీ లాంటివి. కాబట్టి సబ్బా, మరిగే నీళ్లా అన్న మీ ప్రశ్నకు జవాబు మీ దగ్గరున్నది దేనితో చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. జెల్లీ రకమైతే ఎంత కడిగినా పూర్తిగా శుభ్రం కాదు, మరిగిస్తే కరిగి ఆకారం చెడిపోవచ్చు. అది అప్పటికే మీ ఇంట్లో ఉంటే ప్రతిసారీ పైన కొత్త కండోమ్ తొడిగి వాడండి, కుదిరిన రోజున పారేయండి.

ఇక్కడ నా కోపం కూడా చెప్పాలి. ఈ వస్తువుల పదార్థాలూ, తయారీ, వాడకందారుకు ఇవ్వాల్సిన సూచనల గురించి 2021లో ఐఎస్ఓ 3533 అని అంతర్జాతీయ ప్రమాణమే వచ్చింది. మన దగ్గర మాత్రం వీటిని చాలావరకు మసాజర్ అనే అమ్ముతున్నారు. అశ్లీల వస్తువులంటూ బాడీ మసాజర్లను కస్టమ్స్ వాళ్లు ఆపిన వ్యవహారం బొంబాయి హైకోర్టు దాకా వెళ్లింది, 2024లో అక్కడ కూడా కస్టమ్స్ వాదన నిలవలేదు. అయినా అమ్మేవాడికి భయం పోలేదు. మెడ నొప్పికని అమ్మే వస్తువు మీద దాన్ని ఎలా శుభ్రం చేయాలో ఎవరు రాస్తారు? పేరు దాచారు కాబట్టి సూచనలూ దాగిపోయాయి. తెలుగులో దీనికి మర్యాదైన మాట కూడా లేదు. నేను వస్తువు, వస్తువు అని రాస్తున్నది అందుకే.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. పాతది పారేసి సిలికోన్‌ది తెప్పించాం. మీరు రాసినదాన్ని బట్టి మీ దానికి చార్జింగ్ రంధ్రం ఉంది, అంటే లోపల మోటారు, బ్యాటరీ ఉన్నాయి. దాన్ని మరిగించకండి. మరిగించేది మోటారు లేని, పూర్తిగా సిలికోన్‌తోనో స్టీలుతోనో చేసిన వాటినే. అయిదు నుంచి పది నిమిషాలు నీళ్లు బాగా మరగాలి, అడుగు తగలకుండా గిన్నెలో పాత నూలు గుడ్డ వేయాలి. నేను దానికి ఒక స్టీలు గిన్నె విడిగా కొన్నాను, అది వంటింట్లో ఉండదు. గాజుదైతే చన్నీళ్లలో పెట్టి మెల్లగా వేడి చేసి, ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి, లేకపోతే పగులుతుంది.

మోటారు ఉన్నదానికి గోరువెచ్చని నీళ్లు, వాసన లేని తేలికపాటి సబ్బు చాలు. డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం, అది లేకపోతే ముంచకుండా తడిగుడ్డతో తుడవాలి. అతుకుల దగ్గర, మీటల చుట్టూ ఉండే సన్నని గాడిలో మురికి చేరుతుంది. నేను చిన్నపిల్లల మెత్తటి పళ్ల బ్రష్‌తో అక్కడ రుద్దుతాను. వాడాక మాత్రమే కాదు, వాడబోయే ముందు కూడా ఒకసారి కడుగుతాను. సబ్బు ఏ మాత్రం మిగలకూడదు. యోనిలో సహజంగా ఆమ్లత్వం ఉంటుంది, దాని కొలత అయిన పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది, మేలు చేసే బ్యాక్టీరియా దాన్ని కాపాడుతుంది. నా యాంటీసెప్టిక్ ద్రావణం ఆ కాపలాదారులనే చంపింది. టీవీలో ఆడవాళ్ల కోసమని అమ్మే సువాసన ద్రవాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది, దానికి గులాబీ వాసన అవసరం లేదు.

ఇద్దరూ వాడుతున్నామన్నారు కాబట్టి చెబుతున్నాను, ఒకరి నుంచి ఒకరికి మారేటప్పుడు మధ్యలో కడగాలి, లేదా కండోమ్ మార్చాలి. మలద్వారం దగ్గర వాడినదాన్ని కడగకుండా ముందు వైపు అసలు తేకూడదు. 2014లో అమెరికాలో జరిగిన ఒక చిన్న పరిశోధనలో, కడిగిన తర్వాత కూడా కొన్ని వైబ్రేటర్ల మీద హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే) వైరస్ ఆనవాళ్లు దొరికాయి. ఇక జారుడు కోసం రాసుకునేవాటి సంగతి. కొబ్బరినూనె మన ఇళ్లలో అన్నిటికీ వాడతారు, కానీ అది లేటెక్స్ కండోమ్‌ను బలహీనపరుస్తుంది. సిలికోన్ జెల్ సిలికోన్ వస్తువునే పాడుచేయవచ్చు. నీటితో చేసిన జెల్ అన్నిటికీ నప్పుతుంది.

ఇక ఆరబెట్టడం. ఇన్ఫెక్షన్లలో సగం కడగకపోవడం వల్ల కాదు, తడిగా దాచడం వల్లే వస్తాయని నా గట్టి నమ్మకం. ఉతికిన పొడి నూలు గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద కనీసం రెండు గంటలు వదిలేస్తాను. గది గడియ వేసుకుంటాను, అంతే. తర్వాత తెల్ల నూలు సంచిలో, ఒక్కదాన్నే, గాలి ఆడే సొరుగులో పెడతాను. పాలిథిన్ వద్దు, దినపత్రిక వద్దు, కలరా ఉండలు వద్దు. సొరుగుకు తాళం వేయించాను. అత్తయ్య ఆ తాళం ఏమిటని ఒకసారి అడిగారు. నా సొంత వస్తువులున్నాయని చెప్పాను. ఆవిడ సరేనన్నారు.

వారానికి ఒకసారి మీ దాన్ని వెలుతురులో పట్టుకుని చూడండి. జిగురు, చీలిక, రంగు మారడం, వాసన, వీటిలో ఏది కనిపించినా పారేయండి. ఎంత పెట్టి కొన్నారో ఆలోచించకండి. మీ ఇద్దరిలో ఎవరికైనా ఇప్పటికే దురద గానీ మంట గానీ ఉంటే మందుల షాపులో అడిగి మాత్రలు మింగవద్దు. రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వస్తువు పదార్థం పేరు డబ్బా మీద ఉంటే చీటీ మీద రాసుకుని వెళ్లండి. ఆవిడ అడగకపోతే మీరే ఆ చీటీ తీసి చూపించండి.